బుడ్డకు ఇనుప ఉంగరం

మగ్గం గుంటలో కూర్చున్నవాణ్ని చూస్తే నడుము దాకానే మనిషి. అక్కడి నుంచి కింద ఏం జరుగుతున్నదో వాడికొక్కడికే తెలుసు. మా సాలోళ్ల వాడలో మగవాళ్లందరం పొద్దు పొడిచినప్పటి నుంచి దీపాలు పెట్టే దాకా అట్లా సగం మనుషులుగానే బతికేవాళ్లం. పై సగానికి పలకరింపులు, మర్యాదలు, వచ్చేపోయేవాళ్లతో ముచ్చట్లు. కింది సగానికి గుంటలోని చెమ్మ, తడి గోచి, దోమలు.

ఆలేరు స్టేషనుకు నడిచి పోగలిగినంత దూరంలో మా ఊరు. నిజాం జమానా ఇంకా నడుస్తున్నది. గజ్జల్లో తామర రావడం అప్పట్లో మాకు రోగం కాదు, కులవృత్తిలో భాగం. అంచులు ఎర్రగా, గుండ్రంగా లేచి, చెమట పట్టిందంటే ప్రాణం తీసేది. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆపకుండానే నడుమ నడుమ గోక్కోవడం వచ్చినవాణ్ని పనిమంతుడనేవాళ్లు. గోకితే ఎవరూ ఏమీ అనుకోరు. వాపు వస్తే మాత్రం సంగతి వేరు. వాపు వస్తే కాలి బొటనవేలికి ఇనుప ఉంగరం పడేది. ఆ ఉంగరాన్ని నమ్ముకొని ఒక పెద్దమనిషి చావు దాకా పోయాడు. ఆ పెద్దమనిషి నేను కాదు. కానీ ఆ కథ మొదలైంది నా దగ్గరే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా ఎడమపక్కన.

అప్పటికి నాకు పెండ్లీడు వచ్చింది. నాయిన పోయి చాలా కాలమైంది కాబట్టి సంబంధాలు చూసే పని అమ్మ మీద పడింది. ఒకనాడు బావి దగ్గర నీళ్లు పోసుకుంటుంటే వట్టకాయల్లో ఎడమది కుడిదానికంటే పెద్దగా చేతికి తగిలింది. నా చెయ్యే పొరపాటు పడిందేమోనని మళ్లీ చూసుకున్నాను. పొరపాటు కాదు. నొప్పి లేదు, మంట లేదు. నీళ్లు నింపిన తోలుతిత్తిలా నున్నగా, బిగువుగా ఉంది. పొద్దున లేచినా అంతే, పొద్దుగూకినా అంతే. పండుకుంటే తగ్గుతుందేమోనని పండుకొని చూశాను. తగ్గలేదు సరికదా, అదీ నాతోపాటే హాయిగా పండుకుంది.

ఎన్నాళ్లని దాస్తాను? మా చిన్నాయనకు చెప్పాను. నాయిన తర్వాత ఇంటికి పెద్దదిక్కు ఆయనే. వైద్యం రాదు. కానీ వైద్యం రాదన్న సంగతి ఆయనకు తెలియదు. వాడలో ఎవరికి ఏ రోగం వచ్చినా ముందు ఆయనకు చూపించాలి, లేకపోతే అలుగుతాడు.

"ఇప్పు" అన్నాడు.

విప్పాను. పడుగులో తెగిన పోగును వెతికినట్టు ఒక కన్ను మూసి చూశాడు. వంగి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు.

"బుడ్డ దిగిందిరా. గుంటల చెమ్మ కాళ్ల సంది ఎక్కి గీడికొచ్చి ఆగింది. ఏం ఫికర్ చెయ్యకు. ఉంగరం ఏపిస్తె అదే గుంజుకపోతది."

ఎడమ బుడ్డకు కుడికాలి వేలికి వెయ్యాలి. ఎందుకట్లా అని అడిగాను. "ఎద్దు ముక్కుతాడు గుంజుతె తిరుగుతదా లేదా?" అన్నాడు. తిరుగుతుంది గానీ గుంజిన పక్కకే కదా తిరిగేది అన్నాను. "ఎక్కువ మాట్లాడకు" అన్నాడు. కమ్మరి పాత బండి పట్టా ముక్కను కాల్చి, వంచి, చల్లార్చి, నా కాలు దాగలి మీద పెట్టించి వేలికి బిగించాడు. సుత్తి పడ్డప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను.

ఆ వైద్యంలో ఉన్న తిరకాసు అప్పుడు గానీ తెలియలేదు. రోగం గోచిలో ఉంది, ఎవరికీ కనపడదు. మందు మాత్రం కాలికి ఉంది, ఊరందరికీ కనపడుతుంది. పైగా ఏ కాలికి ఉందో చూస్తే బుడ్డ ఏ పక్కదో కూడా లెక్క తేలిపోతుంది. బావి దగ్గర ఆడవాళ్లు నా మొహం చూడటం మానేశారు. వస్తుంటే కాళ్లు, పోతుంటే కాళ్లు. "ఎడమదట పాపం" అని ఒకావిడ ఇంకొకావిడకు చెప్పడం నా చెవులతో నేనే విన్నాను. అమ్మ ఆ ఉంగరం మీద పాత గుడ్డ పేలిక చుట్టింది. దాంతో అంతవరకూ చూడనివాళ్లు కూడా చూశారు.

పనికి వచ్చిన చిక్కు ఇంకొకటి. మా మగ్గాలకు తొక్కే కర్రల తాడు ముడిని బొటనవేలికీ పక్కవేలికీ నడుమ పట్టుకొని తొక్కుతాం. ఆ సందులో ఇప్పుడు ఉంగరం కాపురం పెట్టింది. కుడికాలు తొక్కిన ప్రతిసారీ తాడు దానికి తట్టుకునేది. తొక్కు పూర్తిగా దిగదు, పోగులు సరిగ్గా లేవవు, బట్టలో సందు పడుతుంది. తాడు, ఇనుము కలిసి రాచి రాచి వేలు పుండైంది. పుండు చీము పట్టింది. ఆ తర్వాత కుడి గజ్జలో గోళీకాయల్లాంటి బిళ్లలు కట్టాయి. ముట్టుకుంటే నొప్పి.

ఇప్పుడు నిజంగా భయం పట్టుకుంది. ఎడమపక్క వాపుకు తోడు కుడిపక్క బిళ్లలు. పరుగెత్తి చిన్నాయనకు చూపించాను. ఆయన మొహం చేటంతయింది.

"సూసినవా? ఎక్కుతాంది! ఉంగరం గుంజుతాంది. ఎడమకెళ్లి కుడికి జరిగింది, ఇగ గజ్జల కెళ్లి తొడకు, తొడ కెళ్లి మోకాలుకు, ఆడికెళ్లి వేలుకొచ్చి బయటికి పోతది."

"మరి ఎడమది గట్లనే ఉన్నది గదా చిన్నాయినా?"

"అది ఒట్టిదే. సంచి మిగిలింది."

ఆ రాత్రంతా అది మోకాలి దగ్గర ఇరుక్కుంటే ఎట్లా అని ఆలోచిస్తూ పడుకున్నాను. అమ్మ అనుమానం ఇంకో దిక్కు పోయింది. పొద్దున తినడానికి జొన్నగటక పెడుతూ గొంతు తగ్గించి అడిగింది: "పట్నం పోయినప్పుడు ఏడికన్న పోయినవా కొడుకా?" పట్నంలో నేను చూసింది రైలు స్టేషను, నూలు దుకాణం, ఇరానీ హోటలు. సుఖరోగం మాట దేవుడెరుగు, నాకు సుఖమే తెలియదు. ఆ మాట అమ్మతో ఎట్లా చెప్పను? చాయ్ తాగినానని చెప్పాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే భువనగిరి దిక్కు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లదీ నేత ఇల్లే. మాలో పిలగాణ్ని చూడటమంటే వాడి నేత చూడటమే. అమ్మ, చిన్నాయన కలిసి ఒక ఉపాయం పన్నారు. పిల్ల తండ్రి వచ్చేసరికి నేను గుంటలో ఉండాలి. ఆయన పోయేదాకా గుంటలోనే ఉండాలి. గుంటలో ఉన్నంతసేపు కాలు కనపడదు కాబట్టి నేను మచ్చలేని మనిషిని.

ఆయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వితే కళ్లు మూసుకుపోయే మనిషి. కాళ్లు కడుక్కొమ్మని చెంబు ఇచ్చారు, తినమని పెట్టారు. "పిలగాడు రాడా?" అని ఆయన, "జర పని మీదున్నడు, ఒడువనీ" అని చిన్నాయన. ఎంతసేపటికీ ఆ పని పూర్తి కాలేదు. నాకు గుంటలో ఒంటికి పోవలసిన అవసరం వచ్చి చెమటలు పడుతున్నాయి.

చివరికి ఆయనే వచ్చి గుంట అంచున గొంతుక్కూర్చున్నాడు. నేసిన బట్ట మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. సందు పడ్డచోట ఆగాడు. ఇంకో సందు దగ్గర ఆగాడు. నేతగాని చెయ్యి కదా, తప్పు చేతిలో లేదని, కాలిలో ఉందని కనిపెట్టాడు. ఏమీ అనకుండా వంగి గుంటలోకి తల పెట్టి చూశాడు.

పెండ్లి అక్కడికి అయిపోయిందనుకున్నాను.

"ఏ పక్కది?" అన్నాడు మెల్లగా.

"ఎడమది."

ఆయన అటూ ఇటూ చూసి తన ఎడమకాలు ముందుకు చాపాడు. బొటనవేలికి అరిగి అరిగి వెండిలా మెరుస్తున్న ఇనుప ఉంగరం. "నాది కుడిది. ఏండ్ల సంది ఉన్నది. మంచిగ పనిచేస్తది పిలగా. నిలబడితే దిగుతది, పండుకుంటె లోపలికి పోతది. నొప్పి లేదు, ఏం లేదు. చిన్నదే, నిమ్మకాయంత" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం కూడా ఉంది. నాకు అసూయ కలిగింది. నాది ఎంత పండుకున్నా లోపలికి పోదు. ఆయన ఉంగరం మంచి కమ్మరి చేసి ఉంటాడనుకున్నాను.

కొన్నాళ్లకు ఆయనే మళ్లీ వచ్చాడు. పిల్ల ఒప్పుకుందట, కానీ ఒక మెలిక పెట్టిందట.

"సికిందరాబాదు దవాఖానల సూపించుకోవాలెనంటాంది. నన్ను గూడ ఎంబడి పొమ్మన్నది. డాక్టరు ఒకటి చెప్తె మీరు ఇంకోటి చెప్తరేమో, నువ్వే నీ చెవులతోటి ఇనిరా బాపూ అన్నది. మా పిల్ల గట్టిది" అని మురిసిపోయాడు.

చిన్నాయన అలిగి బయటికి పోయాడు. అమ్మ ఏడుపు అందుకుంది. "దవాఖానల కోస్తరట కొడుకా. కోసినంక ఇగ పెండ్లెందుకు?" అమ్మ భయమే నా భయం. కోతకు నేను వణికిపోయాను, అందులో దాపరికం లేదు. కానీ నన్ను చూడకుండానే ఒప్పుకున్న ఆ పిల్ల మీద అప్పటికే మనసు పడింది. ఆలేరులో రైలెక్కేటప్పుడు ఎడమకాలి ఉంగరంతో కాబోయే మామ ముందు, కుడికాలికి గుడ్డ చుట్టుకొని కుంటుకుంటూ నేను వెనక పోతుంటే చూసి ప్లాట్‌ఫారం మీద జనం నవ్వారు.

దవాఖానలో డాక్టరు నెరిసిన మీసాల పెద్దమనిషి. సగం ఉర్దూ, సగం తెలుగు. గోచి విప్పకముందే ఉంగరం చూశాడు.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"మా చిన్నాయిన, సాబ్."

"ఆయన డాక్టరా?"

"కాదు సాబ్, మగ్గం నేస్తడు."

"బహుత్ అచ్ఛా. రేపటి సంది నేను గూడ మగ్గం నేస్త."

కిటికీలు మూయించాడు. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి నా ఎడమదానికి ఒక పక్క ఆనించి, ఇంకో పక్కనుంచి టార్చిలైటు వెలిగించాడు. ఆ గొట్టంలోంచి తను చూసి, మామను చూడమన్నాడు, తర్వాత నన్నూ వంగి చూడమన్నాడు. లోపల లాంతరు ముట్టించినట్టు ఎర్రగా వెలుగుతున్నది. నా శరీరంలో అంత అందమైన జాగా ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

"నీళ్లు. వరిబీజం ఇది. ఇగో, పైన నా వేళ్లు రెండు కలుస్తున్నయి. అంటే కడుపుల కెళ్లి ఏం దిగలే. దగ్గు. ఆఁ, దగ్గితే పెరుగుతలేదు. ఇది పెద్దగ కనిపిస్తది, కని ప్రాణం తియ్యదు" అన్నాడు. తర్వాత గజ్జలోని బిళ్లలు నొక్కి, నా అరుపు విని, నేరుగా కాలివేలు పట్టుకున్నాడు. "ఈ బిళ్లలు పుండుకు వచ్చినయి. పుండు ఉంగరానికి వచ్చింది. ఉంగరం మీ చిన్నాయినకు వచ్చింది." తామర కూడా చూశాడు. కడిగి పొడిగా తుడుచుకోవాలని, తడి గోచి మార్చుకోవాలని, పుయ్యడానికి మందు ఇస్తానని చెప్పాడు. ఎప్పుడన్నా ఉన్నట్టుండి వట్టకాయలో భరించలేని నొప్పి లేస్తే మాత్రం చిన్నాయన కోసం ఆగకుండా పరుగెత్తి రమ్మన్నాడు.

మామ మూలకు నిలబడి బాగా నవ్వుతున్నాడు. డాక్టరు కళ్లు ఆయన కాలి మీద పడ్డాయి.

"నీది?"

"నాకేం లేదు సాబ్. నేను పిలగానికి తోడు వచ్చిన."

"విప్పు."

నిలబెట్టి చూశాడు, పండబెట్టి చూశాడు, గజ్జ మీద వేలు పెట్టి దగ్గమన్నాడు. డాక్టరు మొహంలో అప్పటిదాకా ఉన్న వెటకారం పోయింది. "పెద్దమనిషీ, ఇది నీళ్లు కాదు, నీ పేగు. గజ్జల సందు పడి దిగుతాంది. పండుకుంటె లోపలికి పొయ్యేది ఉంగరం గుంజితె కాదు, పేగు దాని ఇంటికి అది పోతాంది. ఒకనాడు పోదు. ఆ సందుల ఇరుకుతది. గట్టిపడ్తది, నొప్పి లేస్తది, వాంతులైతయి. అప్పుడు పిసకొద్దు, కాపడం పెట్టొద్దు, నోట్లె ఏం పొయ్యొద్దు. సీదా ఈడికి రావాలె. ఆలస్యమైతే చస్తవు. ఇప్పుడే కోత చేపిచ్చుకో."

"పిల్ల పెండ్లి కానీ సాబ్" అన్నాడు మామ.

నా వేలి పుండు మానేదాకా దవాఖానలోనే ఉంచారు. పుండు మానంగానే బిళ్లలు వాటంతట అవే కరిగిపోయాయి. బుడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, మోకాలి దిక్కు ఒక్క అంగుళం కూడా ప్రయాణం చెయ్యలేదు. తర్వాత కోశారు. ఆ కోత గురించి చెప్పడానికి ఏమీ లేదు, నేను ముందే స్పృహ తప్పాను. లేచాక మొదట చెయ్యి పెట్టి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఏడుపొచ్చింది.

పెండ్లయింది. పిల్ల మాటలు తక్కువ, చూపు ఎక్కువ. నేను ఇంకా కొంచెం కాళ్లు ఎడం పెట్టి నడుస్తుంటే పెండ్లి పందిట్లో ఎవరేమన్నారో రాస్తే ఈ పుస్తకం ఎవరూ అచ్చు వెయ్యరు. ఇక మామ కోత చేయించుకోవాలి. అడిగితే "ఈ పడుగు ఒడువనీ" అనేవాడు. నేతగానికి పడుగు ఎప్పుడు ఒడుస్తుంది? ఒకటి దిగితే ఇంకొకటి ఎక్కుతుంది. నా భార్య పోరింది, నేను పోరాను. "ఉంగరం ఉన్నది గదా" అనేవాడు. పండుకుంటే పోతున్నంతకాలం డాక్టరు మాటకంటే ఉంగరమే నిజం ఆయనకు.

దసరాకు అత్తగారింటికి పోయాం. పండుగ వెళ్లిన మర్నాడు పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాచి గంజి పడుతున్నారు. మామ ఒక కొసన తాడు పట్టుకొని వెనక్కి వాలి గుంజుతున్నాడు. ఉన్నట్టుండి తాడు వదిలేసి రెండు చేతులతో గజ్జ పట్టుకొని కూర్చున్నాడు.

ఎప్పటిలాగే అరుగు మీద వెల్లకిలా పండుకున్నాడు. ఎప్పటిలాగే నవ్వాడు కూడా. "జరసేపు ఆగుర్రి, పోతది." అందరం చుట్టూ నిలబడి చూశాం. పోలేదు. చెయ్యి పెట్టి చూస్తే ఆ నిమ్మకాయ రాయి అయింది. నవ్వు పోయి మొహం నల్లబడింది. అరుగు దిగకుండానే వాంతి చేసుకున్నాడు. ఒకాయన ఉప్పు మూట వేడి చేసి తెచ్చాడు. ఇంకొకాయన కాళ్లు పైకెత్తి గట్టిగా నొక్కితే పోతుందని చేతులు చాచాడు.

నా భార్య నా మొహం చూసింది.

"ముట్టుకోకుర్రి!" అని అరిచాను. కొత్త అల్లుణ్ని, ఆ ఊళ్లో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే వాణ్ని. "పిసుకుతె పేగు చస్తది. బండి కట్టుర్రి." ఉప్పు మూట పెద్దాయనకు కోపం వచ్చింది. నీకేం ఎరుక అన్నాడు. నేనేం చెప్పాలి? నా దగ్గరున్న చదువల్లా ఆనాడు గోచి విప్పుకొని విన్న నాలుగు మాటలే. ఆ మాటలే మళ్లీ అరిచాను. అంతలో నా భార్యే పోయి పక్కింటి ఎడ్లను విప్పుకొచ్చింది.

భువనగిరి స్టేషనులో రైలు దొరికింది. పెట్టెలో మామ తల కూతురి ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. నీళ్లు, నీళ్లు అన్నాడు. ఇవ్వలేదు. నీళ్లడిగే తండ్రికి నీళ్లివ్వకుండా ఆ పిల్ల ఆయన తల పట్టుకొని కూర్చుంది.

కొంతసేపటికి మామ కళ్లు తెరిచి నన్ను పిలిచాడు. "అల్లుడా, ఉంగరం వదులైందా సూడు."

వంగి చూసినట్టు చేసి ఆ ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పాను. "గట్టిగనే ఉన్నది మామా" అన్నాను. ఆయన హాయిగా కళ్లు మూసుకున్నాడు. ఆ నిమిషంలో ఆ ఇనుపముక్కను పీకి కిటికీలోంచి విసిరేయాలన్నంత కోపం, ఆయన మీద ఏడుపొచ్చేంత ప్రేమ ఒక్కసారే వచ్చాయి.

ఆ డాక్టరే ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టాడు, ఒక్క మాట కూడా తిట్టలేదు. మామను లోపలికి తీసుకుపోయారు. మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. డాక్టరు బయటికి వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. "పేగు ఇంక బతికే ఉన్నది. ఇంకొంచెం ఆలస్యమైతే కుళ్లేది" అని చెప్పి నా భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

మామ తెలివి రాగానే అడిగిన మొదటి మాట ఉంగరం గురించే. కోతకు ముందు నర్సమ్మ సబ్బు రాసి తీసేసిందట. దొరికే దాకా వెతికించాడు. ఊరికి పోయాక కనపడ్డ ప్రతివాడికీ దాన్ని చూపించి "ఇదే లేకపోతె రైల్లనే పోదును" అని చెప్పాడు. ఈ సంగతి విని మా చిన్నాయన పని మానుకొని భువనగిరి దాకా నడిచొచ్చి, ఉంగరం పవరు గురించి అరుగు మీద పొద్దుగూకే దాకా మాట్లాడిపోయాడు. ఎడ్లను విప్పుకొచ్చిన పిల్ల మాట ఎవరూ ఎత్తలేదు.

ఆమెకు దాని మీద పట్టింపు లేదు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేనే ఉడుక్కుంటూ అన్నాను: "నువ్వు ఆనాడు నన్ను దవాఖానకు పొమ్మని మెలిక పెట్టకపోతె మీ బాపు రోగం మనకు తెలిసేదా? నా అదృష్టం బాగుండి, బుడ్డ ఉన్నదని తెలిసి గూడ నన్ను చేసుకుంటివి."

ఆమె కిటికీ నుంచి తల తిప్పింది.

"తెలిసి గూడ కాదు. తెలిసే చేసుకున్న. ఏండ్ల సంది మొత్తుకున్నా మా బాపు దవాఖాన గడప తొక్కలే. సంబంధం సూసొచ్చి, పిలగాని కాలుకు గూడ ఉంగరం ఉన్నదే అని నవ్వుకుంట చెప్పిండు. బాపుకు దవాఖానకు పోను తోడు దొరికిండనుకున్న. నీకు ఆ ఉంగరం లేకపోతె నేను ఒప్పుకోకపోదును."

భువనగిరి గుట్ట వెనకబడింది. వాడంతా నవ్విన నా బుడ్డను ఒక మనిషి ఏరి కోరి చేసుకుందని ఆ రోజు తెలిసింది.